రాతి సందు దాటిన చెంగమ్మ పిల్లలు

అడవికీ ఏటికీ మధ్య ఒక కొండ. ఆ కొండలో రెండు గుండ్ల నడుమ ఒక సందు. ఎండాకాలం వస్తే అడవి మొత్తం ఆ సందులోంచే నీళ్లకు పోవాలి. ఏనుగులు, అడవిదున్నలు, దుప్పులు, కుందేళ్లు, అందరూ తెల్లారగానే ఒక్కసారే వచ్చి పడేవాళ్లు. పెద్దవాళ్లు తోసుకుపోతే చిన్నవాళ్లు ఎండలో నిలబడేవాళ్లు. అలా వెనకబడ్డవాళ్లలో తరచూ ఎవరో ఒకరు కనిపించకుండా పోయేవాళ్లు.

ముసలి అడవిదున్న పుల్లమ్మకు ఏ పనైనా నిక్కచ్చిగా జరగాలి. పడ్డ మాట ఏదీ మరవదు. మూడేళ్ల కిందట ఈ సందు దగ్గరే నక్క కోటయ్య ఆమెను "కదలని బండ" అన్నాడు. ఆ మాట ఇంకా కొమ్ముల మధ్య గుచ్చుకునే ఉంది.

దారి బాగోగులు చూసే పెద్దరికం కోటయ్యదే. మొదట సందు వెడల్పు చేయించాడు. ఆ కబురు విని అవతలి లోయ మందలు కూడా ఇటే వచ్చాయి. తొక్కిసలాట ఇంకా పెరిగింది. తర్వాత గుట్ట మీది దారి శుభ్రం చేయించాడు. సందు తెరిచి ఉండగా గుట్ట ఎక్కేదెవరు? దాన్ని వదిలేసి వంతులు పెట్టాడు. చిన్నవాళ్ల వంతు వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చేది. వంతులూ తీసేశాడు.

ఆ రోజు కుందేలు చెంగమ్మ ఐదుగురు పిల్లలతో బయల్దేరి నలుగురితో తిరిగొచ్చింది. ఏడవలేదు. పుల్లమ్మ పక్కన కూర్చుని, "పెద్దమ్మా, రేపు వీళ్లను తీసుకుపోనా, దాహంతో ఇక్కడే ఉంచుకోనా?" అంది.

పుల్లమ్మ ఆ నలుగురి ఒంటి మీది దుమ్ము నాకి, లేచి, అందరినీ పిలిపించింది. ఎక్కగలిగిన దుప్పులు ఇక గుట్ట మీదుగానే పోవాలంది, సందులో కాలు పెట్టకూడదంది. అడవికోడి మొదటి కూతకు ఏనుగులు, రెండో కూతకు దున్నలు. చిన్నవాళ్లు నడవక్కర్లేదు, పెద్దవాళ్ల వీపులున్నాయి. అన్నీ రేపే మొదలు. అంత పొద్దున్నే లేవడం తన వల్ల కాదని పెద్ద ఏనుగు గొణిగింది కానీ, చెంగమ్మ పిల్లల్ని చూసి ఊరుకుంది.

కోటయ్య మాత్రం నవ్వాడు. "మూడూ కలిపి పెడితే ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది పుల్లమ్మా? ఒక్కొక్కటే చేసి చూడాలి."

"బిడ్డలు నీళ్లు తాగితే తెలుస్తుందిలే కోటయ్యా. నువ్వు ఒక్కొక్కటే చూసినన్నాళ్లూ మా పిల్లలూ ఒక్కొక్కరే పోయారు."



మర్నాడు ఏనుగులు చీకటితోనే దాటాయి. దుప్పులు సణుక్కుంటూ గుట్ట ఎక్కాయి. రెండో కూతకు దున్నలు కదిలాయి, ఒక్కొక్క వీపు మీద ఒక్కొక్క కుటుంబం. పిల్లలు జారకుండా పుల్లమ్మ మెల్లగా అడుగేస్తోంది. ఆమె చెవి పట్టుకుని కూర్చున్న చెంగమ్మ చిన్న కూతురు అడిగింది: "అవ్వా, మనం కదులుతున్నామా?"

"కదులుతున్నాం తల్లీ."

సందు పక్క పొదలో కోటయ్య పొద్దెక్కేదాకా కాచుకున్నాడు. వెనకబడ్డవాళ్లు ఒక్కరూ లేరు. చివరికి నాలుక పిడచగట్టి తనే ఏటికి వచ్చాడు. అతణ్ని చూసి పిల్లలు పుల్లమ్మ కాళ్ల చాటుకు చేరారు. పుల్లమ్మ వాళ్లకు అడ్డంగా నిలబడి, అవతలి ఒడ్డు చూపించింది.

"అక్కడ తాగు. దాహమన్నవాణ్ని నేను ఆపను. బండ అన్న మాట మాత్రం గుర్తుంది."

కోటయ్య తల దించుకుని తాగాడు.

ఇరుకు తీరాలంటే ఉపాయాలన్నీ చెయ్యీ చెయ్యీ కలపాలి; విడిగా వదిలితే ఆ మధ్యలో నక్క పొంచి ఉంటుంది.