బందెలదొడ్డిలో పడ్డ ఆకతాయిలు

కంకిపాలెం సంతలో ఆకతాయిలు కుండలు పగలగొట్టేవారు, ఆడవాళ్లని ఏడిపించేవారు. “అదుపు చెయ్యాల్సింది కొత్వాలు” అనేవాడు గ్రామపెద్ద. “కాదు, ఊరి పెద్దలే” అనేవాడు కొత్వాలు.

చేలల్లో పడి మేసిన పశువుల్ని బంధించే బందెలదొడ్డికి కాపలా గవరమ్మ. ఓ సంతరోజు ఆకతాయిలు ఎద్దుల తోకలు మెలిపెట్టడానికి దొడ్లో దూరారు. ఆవిడ బయట గడియ పెట్టేసింది.

ఊరు నోరెళ్లబెట్టింది. పెద్ద, కొత్వాలు పరుగెత్తుకొచ్చారు.

“మనుషుల్ని దొడ్లో పెడతావుటే? తలుపు తియ్యి!” గద్దించాడు పెద్ద.

“తీస్తాను బాబయ్యా. ‘ఈ పశువు నాదే’ అని నలుగురిలో ఒప్పుకుంటేనే విడవమని మీరిద్దరూ పెట్టిన కట్టుబాటేగా! వీళ్లు ఎవరి తాలూకు?”

లోపలినుంచి రెండు గొంతులు ఒక్కసారే లేచాయి. “నాన్నా!”

పెద్ద ఒకడిని, కొత్వాలు ఒకడిని “నావాడే” అని నలుగురిలో ఒప్పుకున్నారు.

పై సంతకి కాపలా ఎవరిదని ఇద్దరిలో ఎవరూ అడగలేదు.