జోలపాటకు రాజముద్ర

మణిగిరి రాజ్యంలో పరాయివాళ్ళు స్థిరపడాలంటే, వాళ్ళకి సాటిలేని విద్య ఏదో ఉందని సరిహద్దు అధికారి ఒప్పుకుని ముద్ర వేయాలి. రాణిగారి కవలలు నిద్రపోక అంతఃపురమంతా జాగారం చేస్తోందని విని, జోలపాటలు పాడే నాంచారమ్మ మూటాముల్లె సర్దుకుని అక్కడికి చేరింది.

అధికారి విరూపాక్షయ్య పకపకా నవ్వాడు. "జోలపాటా? అదీ ఒక విద్యేనా? మా రాజ్యంలో ప్రతి తల్లీ పాడుతుంది. వచ్చిన దారినే వెళ్ళు!"

"ఇంత దూరం నడిచొచ్చాను బాబూ. ఒక్క పాట విని పంపించండి."

విసుక్కుంటూనే సరేనన్నాడు. రెండో చరణానికి తలపాగా ముక్కు మీదికి జారింది. ఆ తర్వాత గుర్రు మొదలైంది. తనిఖీకి వచ్చే దళవాయి గుర్రం దూరాన కనబడినా నాంచారమ్మ పాట ఆపలేదు. గొంతు ఇంకాస్త మెత్తగా చేసింది.

"కాపలా వేళ కునుకా? నీ కొలువు ఊడినట్టే!" అని గర్జించాడు దళవాయి.

విరూపాక్షయ్య ఉలిక్కిపడి లేచాడు. "నా తప్పేం లేదు దొరా! ఈవిడ పాట అలాంటిది. ఎంతటివాడైనా పడిపోవాల్సిందే!"

"అంత గొప్ప పాటైతే ముద్ర పడాలి కదా బాబూ," అంది నాంచారమ్మ నెమ్మదిగా. "ముద్ర పడలేదంటే, తమరు ఊరికే నిద్రపోయినట్టేగా?"

విరూపాక్షయ్య గబగబా అనుమతి పత్రం రాసి ముద్ర గుద్దాడు.

దళవాయికి మాత్రం అనుమానం తీరలేదు. "ఏదీ, నేనూ వింటాను. పాడమ్మా!"

పత్రాన్ని కొంగున ముడేసుకుంటూ నాంచారమ్మ అంది:

"ముందు గుర్రం దిగండి బాబూ."