తలపాగాను తిన్న చేను

గండికొండ రాజుగారికి ఓ పొద్దున ఉన్నట్టుండి ఓ బుద్ధి పుట్టింది. "నా మనవళ్ల కాలంలో కూడా పంట పండే చేను ఏదో తేల్చండి. దానికి బంగారు కడియం. చచ్చిన చేను ఏదో చూసి, లాక్కుని, గెలిచినవాళ్లకి ఇచ్చేయండి!" అన్నాడు.

తేల్చే పని ఎవరికిచ్చాడనుకున్నారు? తన కొలువులోని శేషప్పకి! కాలికి మట్టి అంటితే మూడుసార్లు స్నానం చేసే మహానుభావుడు. ఆయనగారు పల్లకీలో తిరిగి, ముక్కు మూసుకుని చూసొచ్చి, గెలిచింది తన చేనేనన్నాడు. సిగ్గెక్కడిది ఆ మొహానికి! ఓడింది పక్కనున్న ఓబులమ్మ చేనట.

ఓబులమ్మ సభలో లబోదిబోమంది. "నా పిల్లల నోటికాడి కూడు, దొరా!"

"పేడకంపు, ఎండుటాకులు, పురుగూ పుట్రా! అది చేనా, పెంటకుప్పా?" అన్నాడు శేషప్ప. "నాది చూడండి. ఆకు రాలితే కాల్పించేస్తాను. అద్దంలా ఉంటుంది."

రాజుకి తాంబూలం అందిస్తున్న తిప్పన్నకి ఒళ్లు మండింది. పైన పటారం, లోన లొటారం అనుకున్నాడు. పైకి మాత్రం చేతులు కట్టుకుని, "ప్రభూ, శేషప్పగారి నూలు తలపాగా అంత శుభ్రమైంది రాజ్యంలోనే లేదు. దాన్ని రెండుగా చించి చెరో చేలో పూడ్పించండి. నెల పోయాక ఏ చేను ఎలాంటిదో అదే చెబుతుంది," అన్నాడు.

శేషప్ప ఉబ్బిపోయి పాగా తీసిచ్చాడు.

వానలు పడ్డాయి, నెల తిరిగింది. రెండు ముక్కలూ తవ్వి సభకు తెచ్చారు. శేషప్ప చేలోది చెక్కుచెదరలేదు. ఓబులమ్మ చేలోది చిల్లులు పడి, పీలికలై, పట్టుకుంటే రాలిపోయింది.

శేషప్ప గంతేశాడు. "చూశారా ప్రభూ! నా చేను బట్టను భద్రంగా దాచింది. ఆ దరిద్రపు చేను తినేసింది!"

రాజు కడియం చేతిలోకి తీసుకున్నాడు.

"ఒక్క మాట, శేషప్పగారూ," అన్నాడు తిప్పన్న. "లోపల పడ్డ ముద్ద నెలయినా అరగకుండా అలాగే ఉంటే, ఆ మనిషిని ఏమంటారు?"

"ఇంకేమంటారు? శవమంటారు!"

"అయితే పాడె కట్టించండి. తమరి చేను పోయి చాలా కాలమైంది!"

తిప్పన్న రాజు వైపు తిరిగాడు.

"ఆకూ పేడా అరిగించుకునే నేలే మనవళ్లకి అన్నం పెడుతుంది ప్రభూ," అన్నాడు తిప్పన్న. "గుడ్డపీలికే అరగని నేల ఏం పెడుతుంది, బూడిదా?"

రాజు పకపకా నవ్వాడు. కడియం ఓబులమ్మకిచ్చాడు. తన మాట ప్రకారం చచ్చిన చేను కూడా ఆవిడకే రాసిచ్చి, దానికి పేడ మోసే పని శేషప్ప నెత్తిన పెట్టాడు.

"నీకేం కావాలో కోరుకో, తిప్పన్నా!"

"శేషప్పగారి కొత్త పాగా కూడా ఇప్పించండి ప్రభూ. ఓబులమ్మ చేనుకి ఇంకా ఆకలి తీరినట్టు లేదు!"

సభంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. పాగాతో పాటు దోసెడు వరహాలు కూడా తిప్పన్న ఒళ్లో పడ్డాయి.