వెనకవారి చెయ్యి

నడక వరుసను ఫోనులో ఎలా రాసిపెట్టుకోవాలన్నది పంపాపతికి తెగని సమస్య అయిపోయింది.

ఏటా ఉగాదికి ముందు తుంగభద్ర ఒడ్డునున్న ఆ చిన్న మఠం నుంచి భక్తులు అడవి దారిన మల్లన్న కొండకు నడిచి వెళతారు. పోయినేడు ఒక పెద్దాయన దారి తప్పి, మర్నాటికి గానీ దొరకలేదు. ఈసారి ఎవరు తప్పిపోయినా ఇక ఆ దారిన నడకే లేదని అడవి అధికారులు తేల్చి చెప్పేశారు. మఠాన్ని నడిపే చంద్రమ్మవ్వ పంపాపతిని పిలిపించింది.

"కంప్యూటరు చదివినవాడివి. ఈ బరువు నీది నాయనా," అంది.

అతను కంపెనీకి సెలవు పెట్టి వచ్చి, ఒక యాప్ రాయడానికి కూర్చున్నాడు. దారులు రెండు కనిపించాయి. నడిచే ప్రతి మనిషికీ వరుసగా ఒక నంబరివ్వడం ఒకటి. నంబర్లే లేకుండా, ఒక్కొక్కరి పేరు దగ్గర వారి ముందెవరో వెనకెవరో మాత్రం రాసిపెట్టుకోవడం రెండోది.

మఠం ఆచారం రెండోదానికి దగ్గర. అక్కడ మనుషుల్ని లెక్కపెట్టరు. ముందు నడిచే మనిషిని కనిపెట్టుకుని ఉండడమే ఎవరికైనా పని. వరుస వదలాల్సి వస్తే, తన వెనకవారి చెయ్యి పట్టుకుని తన ముందువారి భుజం మీద పెట్టి, "అప్పజెప్పాను" అని చెప్పి మరీ పక్కకు తప్పుకోవాలి.

అవ్వ విభూతి ఉండలు చేసుకుంటుంటే పంపాపతి వెళ్ళి ఎదురుగా కూర్చున్నాడు.

"నంబర్లయితే ఎవరినైనా చిటికెలో వెతకొచ్చు అవ్వా. రెండో పద్ధతిలో అయితే మొదటి మనిషి నుంచి ఒక్కొక్కరినీ దాటుకుంటూ పోవాలి."

"మధ్యలో ఎవరైనా వచ్చి చేరితే?"

"ఆ వెనక ఉన్నవాళ్ళందరి నంబర్లూ ఒకటి జరగాలి. ఫోనే జరుపుకుంటుంది."

"నీకేది నచ్చింది మరి?"

"నంబర్లే. ఆచారమంటారా, అది మన పెద్దలకు ఫోన్లు లేనప్పటిది కదా."

అవ్వ కాదనలేదు. చేతికంటిన విభూతి దులుపుకుని, "ఎల్లుండే నడక. రేపు పొద్దున వాగుదాకా నడిచి చూద్దాం," అంది.

పొద్దున్నే పంపాపతి అందరి భుజాలకూ నంబరు చీటీలు పిన్నులతో గుచ్చాడు.

"ఏమప్పా, ఇది రేషను కొట్టు వరుసా?" అంది ఈరమ్మ. "ఇంతకీ నీ చీటీ ఏదీ?"

"లెక్కపెట్టేవాణ్ణి నేనే కదా పెద్దమ్మా. నాకెందుకు?"

మఠంలో దీక్ష తీసుకున్ననాటి నుంచీ నడకలో అతని చోటు అవ్వ వెనక. అతని వెనక ఈరమ్మ. ఊరు దాటేదాకా తన చోటులోనే నడిచాడు. మొదటి మలుపు వచ్చేసరికి, ముందే వాగు చేరి లెక్క చూసుకోవాలని ఇక ఉండబట్టలేదు. చటుక్కున వరుసలోంచి బయటికొచ్చి, ఫోను పట్టుకుని ముందుకు ఉరికాడు.

వాగు అవతలి ఒడ్డున నిలబడి, దాటి వచ్చే ఒక్కొక్కరినీ లెక్కపెట్టాడు. ఫోనులో ఎంతమందో ఒడ్డున అంతమందే. అతని గుండె నిండిపోయింది.

"అందరూ వచ్చేశారు," అని గట్టిగా చెప్పి, అవ్వ ముఖంలోకి చూద్దామని తిరిగాడు.

అవ్వ లేదు.

మళ్ళీ లెక్కపెట్టాడు. లెక్కలో ఏ తేడా లేదు. అప్పుడు కంటబడింది, భుజాన చీటీ లేని ఒక మనిషి. పక్క పల్లె తిమ్మక్క. అందరికీ వెనగ్గా నిలబడి కాళ్ళు కడుక్కుంటోంది.

"దారిలో మీరంతా కనబడితే నేనూ కలిసినానప్పా. కలవకూడదా?" అంది.

పంపాపతి ఈరమ్మ దగ్గరికి పోయాడు. "పెద్దమ్మా, నీ ముందు అవ్వ కదా. ఎటు పోయిందో చూడలేదా?"

"నా ముందు అవ్వ ఎందుకుంటుందప్పా? నువ్వు కదా ఉండాల్సింది," అంది ఈరమ్మ. "మీరిద్దరూ కలిసే ముందుకు పోయినారనుకున్నా. నా చెయ్యి ఎవరికైనా ఇచ్చి పోయినావా నువ్వు?"

పంపాపతి వాగులోకి దిగి వెనక్కి పరుగెత్తాడు. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. అవ్వకు షుగరు. పోయినేడు ఆ పెద్దాయన దొరికినప్పుడు పెదవులు ఎలా పగిలిపోయి ఉన్నాయో అతనికి గుర్తొచ్చింది.

మొదటి మలుపులో, అతను వరుస వదిలిన చోటనే, దారికి కనబడకుండా పొదల చాటునున్న ఒక బండ మీద కూర్చుని అవ్వ రుద్రాక్షలు తిప్పుకుంటోంది.

ఆమె పాదాల దగ్గర కూలబడ్డాడు. ఊపిరి అందాక, "లెక్క సరిపోయింది అవ్వా," అన్నాడు. ఏడుపు ఆపుకుంటున్నాడు.

"సరిపోయే ఉంటుంది."

అవ్వ లేచి, అతని తలమీద చెయ్యేసింది.

"పోవద్దని ఎవరన్నారు నాయనా? పోయేముందు వెనకున్న చెయ్యి ముందున్న భుజం మీద పెట్టి పోవాలి."

వాగు దాటాక పంపాపతి అవ్వను వరుసలో ఆమె చోటున నిలబెట్టాడు. ఈరమ్మ చెయ్యి పట్టుకుని తెచ్చి అవ్వ భుజం మీద పెట్టాడు. "అప్పజెప్పాను," అన్నాడు.

"ఇప్పుడు పో. ఎక్కడికైనా పో," అంది ఈరమ్మ, భుజాన ఉన్న చీటీ పీకి అతని చేతిలో పెడుతూ.

అతను పోయి ఒడ్డున నీడ చూసుకుని కూర్చున్నాడు. వెతకడం ఆలస్యమైతే అవనీ అనుకున్నాడు. నంబర్లన్నీ చెరిపేశాడు. జెండా పట్టుకుని నడిచే మనిషితో మొదలుపెట్టి, చివరన తిమ్మక్క దాకా, ఒక్కొక్కరికీ ముందెవరో వెనకెవరో పట్టుదలగా రాసుకుంటూ వచ్చాడు. మధ్యలో ఒకచోట వేలు ఆగింది.

అక్కడ తన పేరు రాసుకున్నాడు. ముందు చంద్రమ్మవ్వ. వెనక ఈరమ్మ.