మంచినీళ్ళ చెంబు

అనగనగా ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కూర్చుంటే లేవడు. రెండోవాడు పడుకుంటే లేవడు. మూడోవాడు తరళుడు ఉన్నాడు చూశారూ, వాడసలు కూర్చోనే కూర్చోడు. పొద్దస్తమానం కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంటాడు.

ఆ రోజుల్లో కరాళుడనే మాంత్రికుడు లోకంలోని మంచినీళ్ళన్నీ ఒక్క చెంబులోకి లాగేసుకుని, ఏడు సముద్రాల అవతల దాచుకున్నాడు. బావులెండిపోయాయి. జనం ఆకుల మీది మంచు నాకి బతుకుతున్నారు. ముసలిరాజు దాహంతో మంచం పట్టాడు. ఏం చేద్దామో ఆలోచిద్దాం అన్నారు అన్నలు. తరళుడు అప్పటికే గుమ్మం దాటేశాడు.

తాబేలు వీపెక్కి ఒక సముద్రం, తిమింగలం వీపెక్కి ఒక సముద్రం, ఇలా ఏడూ దాటాడు. నాన్న ఉన్నాడో లేడో అని దారి పొడుగునా గుండె పీకుతూనే ఉంది. కోటలో మాంత్రికుడు మధ్యాహ్నపు కునుకు తీస్తున్నాడు. చెంబుకు కాపలాగా వారుణి అనే రాకుమారిని బందీగా కూర్చోబెట్టాడు. పక్కనే పంజరంలో చిలుక. మాంత్రికుడి ప్రాణం అందులోనే ఉంది. అయినా ఆ పిసినారి దానికి గుక్కెడు నీళ్ళు పోసిన పాపాన పోలేదు.

తరళుడు దారికని దొప్పలో దాచుకున్న మంచుచుక్కలు దాని నోట్లో వేశాడు. చిలుకకు ప్రాణం లేచొచ్చింది. తనను వదిలేస్తే కరాళుడి ప్రాణం తనతోనే ఎగిరిపోతుందని గుట్టు చెప్పేసింది.

"ఇంకో మాట విను నాయనా. చెంబు వంచితే, అక్కడివాళ్ళు చాలు అనేదాకా నీళ్ళు పడతాయి. చాలన్నచోట మళ్ళీ చుక్క రాలదు" అంది.

తరళుడు పంజరం తీశాడు. చిలుక ఎగిరింది, కరాళుడు నిద్రలోనే పోయాడు. తరళుడు చెంబు చేతబట్టి, వారుణిని వెంటబెట్టుకుని ఇంటిదారి పట్టాడు. దారిలో జనం కనబడ్డచోటల్లా చెంబు వంచాడు. ఒకచోట జనం మెడదాకా మునిగినా చాలు అనలేదు. అక్కడ మహానదులు పుట్టాయి. ఇంకోచోట అందరూ మొహమాటస్థులే. చేతులడ్డం పెట్టి చాలు చాలన్నారు. అక్కడ పిల్లకాలువలే మిగిలాయి. ఇసుక నేలల్లో అడిగే మనిషే కనబడక తరళుడు ఆగనేలేదు. కాస్త నిలబడమని వారుణి అంటూనే ఉంది. వింటేగా!

తీరా ఇంటికొచ్చాక, మీ నాన్నగారికి ముందు చెంబు సంగతి చెప్పమంది వారుణి. అదీ వినకుండా మంచం పక్కనే చెంబు వంచేశాడు. ఆ చప్పుడుకు రాజు కళ్ళు తెరిచాడు. నీళ్ళ వంక చూడనేలేదు. కొడుకు ముఖం తడిమాడు.

"వచ్చావా నాయనా. నువ్వొచ్చావు, అదే చాలు" అన్నాడు.

చెంబు ఆగిపోయింది. బోర్లించినా చుక్క రాలలేదు. అప్పటికి పడ్డ కాసిని నీళ్ళే ఆ రాజ్యానికి సన్నటి వాగయ్యాయి.

రాజు దోసెడు తాగి లేచి కూర్చున్నాడు. సంగతి తెలిసి బావురుమన్నాడు. తరళుడికీ ఏడుపొచ్చింది గానీ, కోపం మాత్రం రాలేదు. ఆ పూటంతా ఎక్కడికీ కదలకుండా తండ్రిని ఆనుకుని కూర్చున్నాడు.

తర్వాత వారుణిని పెళ్ళాడి, ఆ వాగునే అందరికీ పొదుపుగా పంచుతూ చాలాకాలం రాజ్యమేలాడు. వాళ్ళక్కడ చల్లగా ఉన్నారు. మనం బిందెలు తీసుకుని వాగుకు పోదాం పదండి.