మిద్దె మీది మట్టి

అనగనగా, మరీ అంత అనగనగా ఏం కాదులే, మీ అమ్మకి పాలపళ్ళు ఊడుతున్న రోజుల్లో, లాతూరు దగ్గర ఒక ఊళ్ళో ద్వారకాబాయి అని ఒకావిడ ఉండేది. మొగుడు పోయాడు. ఒక కొడుకు, కోడలు కుసుమ, ఉయ్యాల్లో మనవరాలు. దుప్పటి తన్నకు, విను.

ఆ ఊళ్ళో ఇళ్ళన్నీ రాతిగోడల మిద్దెలు. పైన దూలాలు, దూలాల మీద మట్టి. ఇల్లు కురవకుండా ఏటా వానలకి ముందు ఇంకొంచెం మట్టి పోసి తొక్కేవారు. పాతది తీసేవారు కాదు. ద్వారకాబాయి మొగుడు బతికున్నన్నాళ్ళూ తనే ఎక్కి తొక్కాడు. ఆ తర్వాత ఈవిడ తొక్కింది.

నేల కింద ఇంకో సంగతి జరుగుతోంది. మన దేశమంతా ఉత్తరానికి జరుగుతూ ఉంటుంది, నీ గోరు పెరిగినంత మెల్లగా. అటు ఇంకో పెద్ద నేల అడ్డం ఉంది. ఇది తోస్తుంది, అది తప్పుకోదు. ఆ ఒత్తిడి బండల్లో చేరి చేరి ఎక్కడో పగులుతుంది. ఎవరి పాపం వల్లా కాదు. ఎవరైనా అలా చెబితే నమ్మకు.

ఒక ఏడు వానలయ్యాక నేల ఒకసారి కదిలింది. అప్పుడు ఊరంతా బయట పడుకుంది. ఆ తర్వాత ఇంకోసారి కదిలింది. సగం ఊరే బయట పడుకుంది. మూడోసారి కదిలితే పక్కకి తిరిగి పడుకున్నారు. మనుషులం కదా, దేనికైనా అలవాటు పడిపోతాం.

కుసుమకి మాత్రం భయం పోలేదు. "అత్తయ్యా, పైన బరువెక్కువైంది, మట్టి కొంచెం దింపిద్దాం" అంది.

"మీ మామగారు తొక్కిన మట్టి. నేనుండగా దాని మీద చెయ్యి వెయ్యకు" అంది ద్వారకాబాయి. మరుసటేడూ వానలకి ముందు ఇంకొంచెం పోసింది.

వినాయకుణ్ణి నిమజ్జనం చేసిన రోజు, దూలం సందులోంచి మట్టిపెళ్ళ ఊడి ఉయ్యాల పక్కన పడింది. అప్పుడు కుసుమ పిల్లనెత్తుకుని పెరట్లో పశువుల పాకలోకి వెళ్ళిపోయింది. మొగుడూ వెనకే వెళ్ళాడు. ద్వారకాబాయి తలుపేసుకుని ఒక్కతే పడుకుంది.

తెల్లవారుజామున పాకలో పిల్ల ఏడ్చింది. ద్వారకాబాయి పంతం పట్టింది గానీ, మనవరాలి ఏడుపు వింటూ పడుకోగలదా?

"పసిదాన్ని దోమలకి అప్పగించావు కదే!" అని తిట్టడానికే పెరట్లోకొచ్చింది. పాక దాకా రాలేదు, నేల ఉరిమింది. వెనక్కి తిరిగి చూస్తే ఇల్లు లేదు.

ఊరూ లేదు. చాలామంది నిద్రలోనే పోయారు. ఎక్కడెక్కడి నుంచో మనుషులొచ్చి రాళ్ళు తీశారు, అన్నం పెట్టారు, గుడారాలు వేశారు. ఆ తర్వాత వీళ్ళకి ఒక రేకుల ఇల్లు ఇచ్చారు.

మళ్ళీ వానలు దగ్గరపడ్డాయి. ద్వారకాబాయి గంప పట్టుకుని పాత ఇంటి దిబ్బ దగ్గరికి వెళ్ళి ఆ మట్టే తెచ్చింది. కుసుమ పరుగున ఎదురొచ్చింది. "అత్తయ్యా..."

"పైకి కాదులేవే" అంది.

వాకిట్లో పోసింది. నీళ్ళు చల్లింది. మెత్తగా తొక్కింది. అప్పుడు మనవరాల్ని తెచ్చి దాని మీద నిలబెట్టి చేతులు వదిలింది. ఆ పిల్ల పడుతూ లేస్తూ, తాత తొక్కిన మట్టంతా తన బుల్లి పాదాలతో తొక్కేసింది. ఇల్లు పడ్డ రోజు ఏడవని ద్వారకాబాయి అప్పుడు ఏడ్చింది.

కథేమో కంచికి,
నిద్రేమో మన మంచానికి.