వాగులో నిలబడ్డ పిల్ల

ఒక ఊరికి తూర్పున ఒక గుట్ట, పడమర ఒక గుట్ట ఉండేవి. రెండింటి మీదా చెరొక రేడియో స్టేషన్. రెండూ పల్లె పాటలే వేసేవి. తూర్పు స్టేషన్ తనది అసలైన పల్లె పాట అని చెప్పుకునేది. పడమటి స్టేషన్ తనది అసలు సిసలైన పల్లె పాట అని చెప్పుకునేది. ఆ ‘సిసలు’ తట్టిన రోజున పడమటి ఆసామి తన వాళ్ళందరికీ మిఠాయి పంచాడు.

ఇద్దరు ఆసాములకూ పల్లె అంటే ప్రాణం. ఇద్దరూ గుట్ట దిగేవాళ్ళు కాదు.

ఇద్దరి గదుల్లోనూ అవతలి స్టేషన్ వినడానికి ఒక రేడియో ఎప్పుడూ మోగుతూ ఉండేది. అవతల ఒక పాట నడుస్తుంటే, బాగుండబట్టే వేశారనుకుని ఇవతల కూడా అదే పాట ఎత్తుకునేవారు. తన పాట అవతల వినపడేసరికి మొదటి ఆసామికి ఒళ్ళు మండి తీసేయించేవాడు. వాళ్ళు తీసేశారంటే అందులో ఏదో లోపం ఉండే ఉంటుందని రెండో ఆసామీ తీసేయించేవాడు. ఆ చుట్టుపక్కల ఏ పాటా చివరిదాకా వచ్చిన పాపాన పోలేదు.

ఊళ్ళో ఒక అవ్వ ఉండేది. నాట్లు వేసేటప్పుడు ఆమె పాట ఎత్తితే మిగతా ఆడవాళ్ళు అందుకునేవారు. ఆమె పాటల్లో పెద్దది గొర్రెలు కాసే పిల్ల కథ. తప్పిపోయిన గొర్రెపిల్ల కోసం ఆ పిల్ల పొంగే వాగులో దిగుతుంది. దాన్ని భుజాన వేసుకుని అవతలి ఒడ్డు ఎక్కుతుంది. కథ పాట ఎత్తినవాళ్ళు అందులోని మనిషిని ఇల్లు చేర్చాకే నడుము ఎత్తాలన్నది ఆ మడుల్లో కట్టుబాటు. వాన పడినా, పొద్దు గుంకినా అంతే. మనిషిని నడిమధ్యలో వదిలేస్తే ఉసురు తగులుతుందని అవ్వ నమ్మకం.

రెండు స్టేషన్ల మనుషులూ ఒకరి వెనక ఒకరు వచ్చి ఆ పాట రికార్డు చేసుకుపోయారు. అప్పట్నుంచి పిల్ల రోజూ వాగులో దిగుతోంది గానీ ఒక్కనాడూ ఒడ్డెక్కడం లేదు. ముందు వేసిన వాళ్ళ పిల్ల మెడలోతు నీళ్ళలో ఆగిపోయేది. వెనక వేసిన వాళ్ళ పిల్లకు గొర్రెపిల్ల తప్పిపోయిన సంగతైనా తెలిసేది కాదు.

అవ్వకు అన్నం సయించడం మానేసింది. పోనీ తానే పాడి ముగిద్దామని మడిలో గొంతు ఎత్తబోయింది. గట్టు మీద రేడియో పెట్టుకున్న ఆడవాళ్ళు కసురుకున్నారు.

“జర ఊకో అవ్వా, నీ పాటొస్తున్నది!”

అవ్వ తూర్పు గుట్ట ఎక్కింది. “సారూ, పిల్ల వాగుల నిలవడ్డది. ఒక్కపారి ఒడ్డెక్కియ్యుండ్రి.”

“నేనేం చేసేది అవ్వా? వాళ్ళు నా పాట ఎత్తుకోకుండా ఉంటే నేనెందుకు తీసేస్తాను? వెళ్ళి వాళ్ళకు చెప్పు” అన్నాడు ఆసామి.

అవ్వ పడమటి గుట్ట ఎక్కింది. “వాళ్ళు తీసేయబట్టే కదా నేను తీసేసేది? వెళ్ళి వాళ్ళకు చెప్పు” అన్నాడు ఈ ఆసామి. రెండు చోట్లా ఆమెకు టీ ఇచ్చారు. రెండు చోట్లా అది ఒకటే రుచి.

గుట్ట దిగుతూ అవ్వ ఒక రాయి మీద కూలబడి ఏడ్చింది. ఏడుపు తీరాక కోపం వచ్చింది.

“గింత చదువు చదివిండ్రు. ఒక్క పిల్లను ఒడ్డెక్కియ్య చాతనైతలేదు వీళ్ళకు.”

ముక్కు చీదుకుని, మళ్ళీ తూర్పు గుట్ట ఎక్కింది.

“సారూ, నీకొక ముచ్చట జెప్పాలె. పాటలు పాతగైనయంట. అటు గుట్టోళ్ళు రేపటిసంది ఏం ఎయ్యకుంట ఉంటరంట. సప్పుడు లేకుంట పల్లె ఎట్లుంటదో, అదే ఇనిపిస్తరంట.”

ఆసామి కుర్చీలోంచి లేచాడు. “మౌనమా! అసలైన పల్లె మౌనం! నాకెందుకు తట్టలేదిది?”

అవ్వ మళ్ళీ పడమటి గుట్టా ఎక్కి, అదే ముచ్చట అక్కడా చెప్పింది. “అసలు సిసలైన పల్లె మౌనం!” అన్నాడు పడమటి ఆసామి.

మర్నాడు తెల్లవారేసరికి రెండు స్టేషన్లూ మౌనం వేయడం మొదలుపెట్టాయి. ఎప్పటిలాగే, తన మౌనాన్ని అవతలివాడు ఎత్తుకున్నాడని ఇద్దరికీ ఒళ్ళు మండింది. కానీ తీసేయడం ఎలా? పాటైతే అవతల ఆగిపోయినట్టు తెలుస్తుంది. మౌనం ఆగిందో, నడుస్తూనే ఉందో ఎవరు చెప్పగలరు? ముందు నోరు విప్పినవాడు ఓడినట్టేనని ఇద్దరూ రేడియోకు చెవి ఆనించి కూర్చున్నారు.

మడిలో ఆడవాళ్ళు రేడియోను ఊపి చూశారు, తట్టి చూశారు. బ్యాటరీలు తీసి ఎండలో పెట్టారు. అవ్వ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, నారు చేతపట్టుకుని వంగి పాట ఎత్తింది.

మొదట ఎవరూ అందుకోలేదు. అందుకోవడం మరిచిపోయారు. ఒకామె తప్పుగా అందుకుంది, అందరూ నవ్వారు, తర్వాత కుదిరింది. పిల్ల వాగులో దిగింది. నీళ్ళు నడుము దాటాయి, మెడ దాకా వచ్చాయి. అక్కడికి వచ్చేసరికి అలవాటుకొద్దీ అందరి గొంతులూ ఆగిపోయాయి. అవ్వ ఒక్కతే ముందుకు పోయింది. వణికే గొంతుతో పిల్లను ఒక్కో అడుగూ లాక్కుపోయింది. భయం భయంగా ఒకరు కలిశారు, ఆపైన ఇంకొకరు. పిల్ల ఒడ్డెక్కి, గొర్రెపిల్లను దించి, పైట పిండుకునేసరికి మడిలో సగం మంది ఏడుస్తున్నారు.

“మరి తర్వాతేమైంది అవ్వా?” అని అడిగింది ఒకామె.

“ఏమైతది? ఇంటికి వొయ్యి బువ్వ తిన్నది” అని అవ్వ నడుము ఎత్తింది. అప్పటికే ఇంకెవరో ఇంకో పాట ఎత్తారు.

ఆ పాట గాలికి తూర్పు గుట్ట దాకా పోయింది. చెవి రేడియోకు ఆనించి ఉన్న ఆసామి ఉలిక్కిపడ్డాడు.

“ఎవరది? పల్లె మౌనం నడుస్తుంటే ఆ రొద ఏమిటి? ముందా కిటికీ మూయండి!”

మూసేముందు ఒకసారి అవతలి గుట్ట వైపు చూశాడు. పడమటి వాళ్ళ కిటికీ అప్పటికే మూసి ఉంది. ఆ సంగతి వాళ్ళకు ముందు తట్టినందుకు ఆ పూటంతా ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు.